కేక వినిపించని వీధి

“దాన్ని తెరవొద్దత్తయ్యా,” అంది శ్రీవల్లి, పొద్దుటి నుంచి నాలుగోసారి.

జ్ఞానప్రసూన తెరవబోలేదు. గ్యాస్ పొయ్యి అగ్గిపుల్లతో వెలిగించి, కోడలికి కాఫీ కలిపి తెచ్చి, గ్లాసు ఆ ఫ్రీజర్ మూత మీద పెట్టబోయింది, అంతే. వేడి గ్లాసు తగిలితే లోపలి చలవ పోతుందని కోడలు దాన్ని కూడా దూరంగా పెట్టించింది. ఆవిడ నొచ్చుకుని, నొచ్చుకున్నట్టు కనిపించకుండా శాలువా సర్దుకుంటూ మెట్లెక్కి పైకి వచ్చింది.

మెట్ల పైన నిలబడి ఇదంతా వింటున్న కొండల్ రావు వియ్యపురాలికి దారి ఇచ్చాడు.

“నిన్న మధ్యాహ్నం తిన్న పిల్ల. మీరైనా చెప్పండి అన్నయ్యగారూ,” అందావిడ.

శ్రీవల్లి ఆయన సొంత కూతురే. కిందికి చూశాడు. బేస్‌మెంట్‌లో చిన్న కిటికీ నుంచి వచ్చే వెలుతురులో, బొంత కప్పుకుని, ఆ తెల్లటి ఫ్రీజర్‌ని ఆనుకుని కూర్చుని ఉంది శ్రీవల్లి. ఒక చెయ్యి మూత మీదే ఉంది. జ్వరం తగిలిన పిల్ల నుదుటి మీద తల్లి వేసిన చెయ్యిలా ఉంది.

లోపల ఉన్నవి పాలు. డెబ్బై రెండు చిన్న ప్లాస్టిక్ సీసాలు. అమెరికాలో వాళ్ళుంటున్న ట్రాయ్‌కి పదిహేను మైళ్ళ దూరంలో, ఆసుపత్రి అద్దాల పెట్టెలో, ఏడో నెలలోనే తొందరపడి వచ్చేసిన అయిదు వారాల పాప కోసం దాచినవి. పోయిన వారం జ్వరానికి మందులు వాడిన తర్వాత శ్రీవల్లికి పాలు దాదాపు ఎండిపోయాయి. వేరే తల్లుల పాలు ఆసుపత్రిలో రెండుసార్లు పట్టి చూశారు. రెండుసార్లూ పాప పొట్ట ఉబ్బింది. ఆసుపత్రిలో ముందే ఇచ్చినవి శనివారం పొద్దుటి దాకా వస్తాయి, ఆ తర్వాత ఇంకో పద్దెనిమిది రోజులు తల్లిపాలతో నెట్టుకొస్తే పేగులు గట్టిపడతాయి, అప్పుడు వేరేవి మొదలుపెడదాం అన్నాడు డాక్టరు.

పాపకి రోజుకి నాలుగు సీసాలు. పద్దెనిమిది రోజులకి డెబ్బై రెండు. దేవుడు కూడా ఇంత కచ్చితంగా లెక్క వెయ్యడని జ్ఞానప్రసూన మురిసిపోయింది. ఆ మరునాడే, బుధవారం సాయంత్రం, మంచువాన కురిసి ఊరంతా కరెంటు పోయింది. బయట పెడదామంటే ఆ చలి పాలు గడ్డకట్టి ఉండడానికి చాలదు, ఆసుపత్రిలో ఇన్ని సీసాలకి చోటివ్వరు.

ఇవాళ శనివారం.

కొండల్ రావు కోటు వేసుకుని బయటికి నడిచాడు. ఇంట్లో ఆయన చేయగలిగింది ఏమీ లేదు. బయట కారులో కూర్చోవడం ఒక్కటే మిగిలిన ఉద్యోగం.

లోకం గాజులో ముంచి తీసినట్టుంది. ప్రతి కొమ్మకీ, ప్రతి గడ్డిపోచకీ విడివిడిగా మంచు తొడుగు పట్టింది. ఎండ పొడుచుకొచ్చి, ఎక్కడో ఒక కొమ్మ కదిలితే వీధి పొడవునా చిన్నగా చప్పుడవుతోంది. మనిషి జాడ లేదు. ఇంత అందమైన చోట ఇంత దిగులుగా ఉండడం తప్పేమో అనిపించింది ఆయనకి.

డ్రైవ్‌వేలో కారు బానెట్ ఎత్తి ఉంది. బ్యాటరీకి ఎర్ర క్లిప్పు ఒకటి, నల్ల క్లిప్పు ఒకటి పట్టుకున్న ఇన్వర్టర్, కారు కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే పెట్టె, దాన్నుంచి కిటికీ సందులోంచి బేస్‌మెంట్‌లోకి, ఫ్రీజర్ దాకా దిగిన నారింజ రంగు వైరు. షెడ్డులోకి తెచ్చి ఇంజన్ నడిపితే పొగకి ఇంటిల్లిపాదీ నిద్రలోనే పోతారని అల్లుడు చక్రధర్ మొదటి రోజే చెప్పి కారుని బయటే ఉంచాడు. ఆ ఒక్క విషయంలో మామా అల్లుళ్ళకి ఏకాభిప్రాయం ఉంది.

నిజానికి ఆ ఇన్వర్టర్ కొన్నది కరెంటు కోసం కాదు. పాప పుట్టిన మొదటి వారంలో, రోజూ ఆసుపత్రికి వెళ్ళే దారిలో శ్రీవల్లి కారులోనే పాలు తీసుకునే మిషన్ నడుపుకోవడానికి కొన్నాడు చక్రధర్. కారు నడుస్తూ ఉంటే, వెనక సీట్లో శాలువా కింద ఆ మిషన్ పిల్లి గురకలా చప్పుడు చేసేది. డెబ్బై రెండు సీసాల్లో సగం అలా రోడ్డు మీద నిండినవే. ఇప్పుడు వాటిని కాపాడడానికి మళ్ళీ అదే పెట్టె కావలసి వచ్చింది.

గురువారం నుంచి కారు కదలకుండా నడిచింది. నిన్న పొద్దుట్నుంచి పెట్రోలు పొదుపు చేసి, మూడు గంటలకి ఒక గంట చొప్పున నడిపారు. తెల్లవారుజామున అదీ అయిపోయింది. బంకుల్లోనూ కరెంటు లేదు. వెలుతురు రాగానే చక్రధర్, తన స్నేహితుడు శశికాంత్ బండిలో, డబ్బా పట్టుకుని పెట్రోలు వెతుక్కుంటూ వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు తల్లికి చెప్పాడు, భార్యకి చెప్పాడు. మామగారి ముందు నుంచే నడిచి వెళ్ళాడు గానీ ఏమీ చెప్పలేదు.

మామా అల్లుళ్ళ మధ్య మాటలు ఆగిపోయి ఇది మూడో రోజు.

గురువారం ఇల్లు బిగుసుకుపోతుంటే, ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్‌ని కూడా ఇన్వర్టర్ మీద నడుపుదామన్నాడు చక్రధర్. దాని వైరు గోడలోంచి వస్తుంది కాబట్టి గోడ సాకెట్ ద్వారానే ఎక్కిస్తానన్నాడు. కొండల్ రావు అడ్డుపడ్డాడు. ఇంటి వైర్లకి బయటి కరెంటు ఎక్కించకూడదు, అది తీగల్లోకి పాకిందంటే ఎక్కడో స్తంభం మీదున్న మనిషి పోతాడని చెప్పాడు. ఆ ఒక్క లైనుకీ బ్రేకర్ ఆఫ్ చేసే ఎక్కిస్తానని అల్లుడు ఓపిగ్గానే చెప్పాడు. ఆయన వినలేదు. మాట మీద మాట పెరిగింది. కార్ల బ్యాటరీల మీదే పదేళ్ళుగా పనిచేస్తున్న ఇంజనీరు చివరికి ఓపిక పోగొట్టుకున్నాడు.

“మామయ్యా, ఇది హుజూరాబాద్ కాదు,” అన్నాడు.

అంతే. అందులో తిట్టేమీ లేదు. కానీ కరెంటు ఆఫీసు హుజూరాబాద్ సెక్షన్‌లో ముప్పై నాలుగేళ్ళు లైన్ మీద పనిచేసి, లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషికి ఆ మాట ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడే గుచ్చుకుంది.

ఆయన లోకంలో ఒక పద్ధతి ఉంది. స్తంభం ఎక్కేవాడు ముందు సబ్‌స్టేషన్‌లో లైన్ ఆపించి, తన పేరు మీద ఎల్.సి. తీసుకుంటాడు. లైన్ క్లియర్ అన్నమాట. ఆ స్విచ్‌కి అట్ట తగిలిస్తారు. తీసుకున్నవాడే పేరూ టైమూ చెప్పి తిరిగి ఇస్తే తప్ప, కలెక్టరు వచ్చి చెప్పినా ఆ స్విచ్ వెయ్యరు. కొండల్ రావు స్నేహితుడు రాఘవులు కూడా ఎల్.సి. తీసుకునే ఎక్కాడు. కానీ పక్కనున్న పెళ్ళి హాలువాళ్ళు మెయిన్ తియ్యకుండా జనరేటర్ వేశారు. ఆపిన లైన్ మీద, అన్నీ సరిగ్గా చేసిన మనిషి, కొండల్ రావు కళ్ళ ముందే పోయాడు.

అందుకే, అల్లుడు ఆ పని చేసేసినా కరెంటు తీగల్లోకి పాకకుండా, గురువారం సాయంత్రం ఆయన ఎవరికీ చెప్పకుండా బేస్‌మెంట్ మూలకి వెళ్ళాడు. పుస్తకాల పెట్టెల వెనక ఉన్న కరెంటు ప్యానెల్ తెరిచి, ఇంటి మొత్తానికీ ఒకటే స్విచ్ అయిన మెయిన్ బ్రేకర్ కిందికి దించాడు. డైపర్ల పెట్టె నుంచి అట్ట చింపి, “మనుషులు పని చేస్తున్నారు, వెయ్యొద్దు” అని రాసి దారంతో తగిలించాడు. ఆ చీకట్లో అటు వెళ్ళేవాళ్ళు ఎవరూ లేరు. ఆ రాత్రి ఆయనకి హాయిగా నిద్రపట్టింది.

కరెంటు వచ్చినప్పుడు తనే తిరిగి ఇద్దామనుకున్నాడు. వచ్చినట్టు ఎలా తెలుస్తుందన్న అనుమానమే ఆయనకి రాలేదు. కరెంటు వస్తే తెలియకపోవడమేమిటి? వీధి వీధంతా ఒక్కసారి కేక వేస్తుంది. పిల్లలు అరుస్తారు, ఎక్కడో రేడియో మోగుతుంది, తలుపులు తెరుచుకుంటాయి. ముప్పై నాలుగేళ్ళు ఆయన స్తంభం మీంచి ఆ కేక విన్నాడు. జీతం కన్నా ఆ కేకే ఆయనకి బాగుండేది.

కారు సీటు చల్లగా ఉంది. కొండల్ రావు మఫ్లర్ బిగించి వెనక్కి వాలాడు. ఈ మూడు రోజులూ ఇంజన్ చప్పుడు ఆయనకి జోలపాటలా ఉండేది. ఒకప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ కింద నిలబడి, ఆ మోతని బట్టే ఏ ఫేజు మీద బరువు ఎక్కువుందో చెప్పేవాడాయన. సెక్షన్‌లో పందేలు కట్టేవాళ్ళు. తను ఇక్కడికి వచ్చిన మొదటి నెలలో ఈ సంగతి చెబితే చక్రధర్ నవ్వి నమ్మలేదు, తర్వాత ఫర్నేస్ దగ్గర ఏదో అరుగుతోందని ఆయన చెవితోనే పట్టుకుంటే నమ్మాడు. అప్పటికి మామా అల్లుళ్ళు బాగానే ఉన్నారు.

ఇప్పుడు ఇంజన్ లేదు. ఆ నిశ్శబ్దంలోనే ఆయనకి కునుకు పట్టింది.

కలా, మెలకువా తెలియని ఆ వెలుగులో కుడి పక్క ఇల్లు కనిపించింది. అందులో ఒక ముసలావిడ ఒంటరిగా ఉంటుంది. బుధ, గురువారం రాత్రుళ్ళు ఆవిడ కిటికీలో కొవ్వొత్తి వెలిగింది. ఎదురింటివాళ్ళలా ఆవిడకి జనరేటర్ లేదు. ఆ ఇంటి కప్పు మీద గొట్టంలోంచి తెల్లటి ఆవిరి నెమ్మదిగా లేస్తోంది. ఎవరో పొయ్యి మీద పాలు పెట్టినట్టుంది. నిన్న పొద్దుగూకాక కూడా ఇలాగే, ఈ సీట్లోంచే, ఆ ఆవిరిని చూశాడు. ఎంత బాగుంది అనుకుని కళ్ళు మూసుకున్నాడు.

అంతలో ఆవిడ షెడ్డు తలుపు తనంతట తాను పైకి లేచింది. నీలం రంగు కారు వెనక్కి వచ్చి, మంచు నలుగుతున్న చప్పుడుతో మలుపు తిరిగి వెళ్ళిపోయింది. తలుపు మళ్ళీ తనంతట తాను, రెప్ప వాలినట్టు కిందికి దిగింది. కొండల్ రావు ఆ కలలోనే చిన్నగా నవ్వుకున్నాడు.

కాసేపటికి నవ్వు ఆగిపోయింది.

ఆ తలుపుని ఎత్తింది మోటారు. మోటారుకి కరెంటు కావాలి. ఆ గొట్టంలో ఆవిరి రావాలంటే లోపల ఫర్నేస్ నడవాలి. దానికీ కరెంటు కావాలి.

నిన్న పొద్దుగూకాక.

ఆయన వీధి ఈ చివర నుంచి ఆ చివరికి చూశాడు. తలుపులన్నీ మూసే ఉన్నాయి. ఎవరూ బయటికి రాలేదు, ఎవరూ అరవలేదు. ఆదివారం దాకా రాదని కరెంటు కంపెనీ మెసేజ్ పెట్టిందని అల్లుడు ఆశ వదులుకున్నాడు. ఎడమ పక్కవాళ్ళు చలికాలం ఫ్లోరిడాలో ఉంటారు. నిన్న రాత్రంతా మంచు పొగలో పక్కింటి దీపం కూడా కనపడలేదు. ఈ ఊళ్ళో కరెంటు వస్తే ఎవరింట్లో వాళ్ళు దీపం వేసుకుంటారు, అంతే.

రాత్రంతా తన కూతురు ఆ పెట్టె మీద చెయ్యేసుకుని కూర్చుంది. రాత్రంతా కరెంటు గోడ దాకా వచ్చి, తను దించిన స్విచ్ దగ్గర ఆగిపోయి ఉంది.

ఇంట్లోకి ఎలా వచ్చాడో ఆయనకి తెలియదు. బేస్‌మెంట్ మెట్లు దిగాడు. నిజం చెప్పాలంటే, ఒక ఆలోచన మాత్రం దారిలోనే వచ్చింది. చప్పుడు కాకుండా ఆ మూలకి వెళ్ళి బ్రేకర్ ఎత్తేస్తే చాలు. కరెంటు వచ్చిందని అందరూ సంతోషిస్తారు. ఎప్పుడు వచ్చిందని ఎవరూ అడగరు. అట్ట జేబులో పెట్టుకుంటే సరిపోతుంది.

పెట్టెలు జరిపి ప్యానెల్ తెరిచాడు. చెయ్యి బ్రేకర్ మీద పెట్టాడు.

“ఏం చేస్తున్నవ్ బాపూ అక్కడ?” అంది శ్రీవల్లి.

ఆయన వెనక్కి తిరగలేదు. తిరిగితే చెప్పలేననుకున్నాడేమో.

“కరెంటొచ్చింది బిడ్డా. నిన్న పొద్దుగూకినంకనే వచ్చింది. మనకు రాకుంట నేనే బంద్ చేసిపెట్టిన. గురువారం నాడు. చెప్పలే.”

వెనక నుంచి ఏ శబ్దమూ రాలేదు. ఆయన ఎదురుచూశాడు. అరిస్తే బాగుండుననుకున్నాడు. శ్రీవల్లి చిన్నప్పుడు ఎంత కోపమొచ్చినా అరిచేది కాదు, గోడ వైపు తిరిగి పడుకునేది. ఆ నిశ్శబ్దం ఎలా ఉండేదో ఆయనకి ఇప్పుడు గుర్తొచ్చింది.

ఆయన బ్రేకర్ ఎత్తబోయాడు.

“వెయ్యకు,” అంది శ్రీవల్లి. “చెయ్యి తియ్యి బాపూ. ఇప్పుడు వేస్తే అన్నీ మళ్ళ గడ్డకడతయి. ఏవి కరిగినయో, ఏవి కరగలేదో మనకు తెల్వదు. పూర్తిగ కరిగి మళ్ళ గడ్డకట్టిన పాలు పాపకు పట్టొద్దు. ముందుగాల చూడాలె.”

ఆయన చెయ్యి తీసేశాడు. ఎవరూ చూడకుండా వేసి ఉంటే, ఏ సీసాలో ఏముందో ఎప్పటికీ తెలిసేది కాదు. తన మనవరాలి నోట్లోకి ఏం వెళ్ళేదో తలుచుకుని కొండల్ రావు ప్యానెల్ నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు.

శ్రీవల్లి లేచి బొంత పక్కన పడేసింది. మూడు రోజులుగా ఎవరినీ తాకనివ్వని మూతని తనే ఎత్తింది.

ఆయన టార్చి పట్టుకున్నాడు. సీసాలు మసక ప్లాస్టిక్‌వి, లోపల ఐసుముక్క ఉందో లేదో కంటికి కనపడదు. మూత తీస్తే పాలు పాడవుతాయి. అందుకని ఒక్కో సీసానీ చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా వంచి విందామె. లోపల చిన్న ఐసు పలుకు ఉంటే అది గోడకి తగిలి సన్నగా మోగుతుంది. మోగితే మంచిదే, మళ్ళీ గడ్డకట్టినా ఫరవాలేదు. ఉత్త నీళ్ళలా కదిలితే ఒక్క రోజులో వాడెయ్యాలి.

తండ్రీ కూతుళ్ళు ఊపిరి బిగబట్టుకుని అలా ఎంతసేపున్నారో తెలియదు. టార్చి వెలుగులో శ్రీవల్లి కళ్ళు మూసుకుని ఉంది. ఒక్కో సీసాకీ దూరం నుంచి ఎవరో పిలుస్తున్నట్టు తల కొంచెం వాల్చి వింటోంది. పాపని ఇంతవరకూ గుండెకి హత్తుకుని పది నిమిషాల కన్నా ఎక్కువ ఉండనివ్వలేదు ఆమెని. ఈ సీసాలనే హత్తుకుంది ఇన్నాళ్ళూ.

అడుగున ఉన్న ముప్పై ఏడూ రాళ్ళలా ఉన్నాయి. పైవరసలో ఇరవై ఆరు పూర్తిగా కరిగిపోయాయి. ఈ రోజు ఆసుపత్రికి చేరిస్తే పాప వాటిలో నాలుగు తాగుతుంది, మిగతావి పోయినట్టే. తొమ్మిది సీసాల దగ్గర మాత్రం ఆమె ఆగిపోయింది. ఒకసారి మోగినట్టు, ఒకసారి మోగనట్టు అనిపించింది. వాటిని ఫ్రీజర్‌లో ఒక మూలకి, విడిగా పెట్టింది.

“ఇగ వెయ్యి బాపూ,” అంది. గొంతులో కోపం లేదు, దయ కూడా లేదు.

కొండల్ రావు అట్ట విప్పి, బ్రేకర్ ఎత్తాడు.

ఇల్లు ఒక్కసారి ఒళ్ళు విరుచుకుంది. ఫర్నేస్ గుప్పుమంది. నేల కింది నీళ్ళు తోడే మోటారు గడగడలాడింది. పైన ఏవేవో మిషన్లు కూశాయి. అప్పుడు వంటింట్లోంచి, చిన్నపిల్లలా, గొంతు పగిలేలా జ్ఞానప్రసూన కేక వేసింది.

“కరెంటొచ్చిందోయ్!”

మూడు రోజులుగా కొండల్ రావు ఎదురుచూసిన కేక అదే. వినాల్సి వస్తే ఇలా వినకూడదు అనుకున్నాడు.

అయిదు నిమిషాలు కాకముందే బయట బండి ఆగింది. చక్రధర్ ఎర్ర డబ్బాతో మెట్లు దిగివచ్చాడు. బూట్లకి మంచు, చేతులకి పెట్రోలు వాసన. పైన దీపం చూసి వచ్చాడు కాబట్టి మొహం వెలిగిపోతోంది. వెనకే జ్ఞానప్రసూన కూడా దిగి, సగం మెట్ల మీద నిలబడింది.

“వచ్చేసిందా? ఎప్పుడొచ్చింది?” అన్నాడు.

“ఇప్పుడే రా నాయనా, చిటికె సేపు కాలేదు,” అంది జ్ఞానప్రసూన.

చక్రధర్ భార్య వైపు చూశాడు. శ్రీవల్లి అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. తండ్రిని చూసింది. ఆ చూపులో ఏం చెప్పమన్న ఆదేశం లేదు. ఆయన ఏం చెబితే అదే నిలబడుతుందన్నట్టు చూసింది.

కొండల్ రావు నిటారుగా నిలబడ్డాడు. అట్టముక్కని రెండు చేతులతో అల్లుడి ముందు పట్టుకున్నాడు.

“నిన్న పొద్దుగూకినంకనే వచ్చింది అల్లుడూ. మెయిన్ నేనే ఆపిన, గురువారం సాయంత్రం ఆరు గంటలకు. తిరిగి ఇచ్చింది ఇయ్యాల పదకొండు ఇరవైకి. కొండల్ రావు.”

చక్రధర్ అట్ట తీసుకుని చదివాడు. ఒకసారి చదివితే అయిపోయే మాటలే, చాలాసేపు చదివాడు. డబ్బా ఇంకా చేతిలోనే ఉంది.

“ఎన్ని మిగిలాయి వల్లీ?” అన్నాడు చివరికి.

“ముప్పై ఏడు.”

“అంటే తొమ్మిది రోజులు.”

“ఇంకో తొమ్మిది సీసాలున్నాయి. వాటి సంగతి చెప్పలేకపోతున్నా చక్రీ. ఇందాకట్నుంచి విని విని నా చెవులు పనిచెయ్యట్లేదు.”

చక్రధర్ డబ్బా కింద పెట్టాడు. ఫ్రీజర్ దగ్గరికి వెళ్ళి, ఆ తొమ్మిదిట్లో ఒకటి తీసి తనే చెవి దగ్గర పెట్టుకుని వంచాడు. ఫర్నేస్ మోత, మోటారు మోత, ఫ్రీజర్ మోత. తల అడ్డంగా ఊపాడు.

ఆ తర్వాత ఎవరితోనూ ఏమీ అనకుండా ప్యానెల్ దగ్గరికి నడిచాడు. మెయిన్ బ్రేకర్ కిందికి దించాడు. మెట్ల మీద జ్ఞానప్రసూన అయ్యో అనబోయి, కొడుకు మొహం చూసి ఆగిపోయింది. ఇల్లు మళ్ళీ ఊపిరి వదిలి ఊరుకుంది. కిటికీలోంచి వస్తున్న మంచు వెలుగు ఒక్కటే మిగిలింది.

ఆ వెలుగులో చక్రధర్ అట్టని జాగ్రత్తగా, దారం ముడి వేసి, బ్రేకర్‌కి తగిలించాడు. వెనక్కి వచ్చి, సీసాని మామగారి చేతిలో పెట్టాడు.

“మీరు వినండి మామయ్యా.”

సీసా చల్లగా ఉంది. ఎంత చల్లగా ఉందో, అంత తేలిగ్గా ఉంది. శ్రీవల్లి గోడ వైపు తిరిగి నిలబడింది. కొండల్ రావు కళ్ళు మూసుకుని, సీసాని చెవి దగ్గరికి తెచ్చుకుని, మెల్లగా వంచాడు.